డే స్కాలర్ శిలీంధ్రం

కూతురు నాగసుధకి ఔషధ మొక్కల పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చిందన్న రోజున ఇంట్లో అందరూ పులిహోర తింటూ ఉంటే, పేరిందేవి మాత్రం సగంలో లేచి వెళ్లి పెరటి అరుగు మీద కూర్చుంది. శుభవార్త వింటే ఆవిడకి భయం. ఇంత మంచి జరిగిందంటే దాని వెనకాలే ఏదో ఒకటి బయల్దేరి వస్తూ ఉంటుందని ఆవిడ నమ్మకం. తలుపు చప్పుడైతే ముందు గుండె మీద చెయ్యేసుకుని, ఆ తర్వాత గడియ తీసే మనిషి. కోనసీమలోనే పుట్టి పెరిగింది కదా, అయినా కాలవలో నీళ్లు ఒక్క మెట్టు పెరిగితే చాలు, రేషన్ కార్డూ, తన ఏడో తరగతి సర్టిఫికెట్టూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి బొడ్లో దోపుకునేది.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేంటే తల్లీ?" అని అడిగింది మర్నాడు, కాస్త ధైర్యం తెచ్చుకుని.

"ఒంటి మీద తామర వస్తుంది కదమ్మా, గుండ్రంగా, దురదగా. అది ఒక రకం బూజు వల్ల వస్తుంది. శిలీంధ్రం అంటారు. దాన్ని గాజు ప్లేటులో జెల్లీ మీద పెంచుతాం. మధ్యలో చిన్న గుంట చేసి ఆకు పసరు పోస్తాం. పసరులో మందు గుణం ఉంటే గుంట చుట్టూ బూజు ఎదగదు. ఎంత మేర ఎదగలేదో స్కేలు పెట్టి కొలుస్తాం. అంతే."

"బూజుని పెంచుతారా? కావాలనే?"

"మూత ఉంటుందమ్మా."

"మూత ఊడితే?"

"ఊడదు."

"నువ్వు తుమ్మితే?"

అందుకని పేరిందేవి కూతురి సంచిలో రెండు జతల చేతి తొడుగులూ, నాలుగు రుమాళ్లూ, కర్పూరం పొట్లం ఒకటీ పెట్టి పంపింది. పంపి ఊరుకోలేదు. "సీమ అవిసాకు చూడండే. నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకి తామరొస్తే మా అమ్మ ఆ ఆకే నూరి రాసేది. నెల తిరక్కుండా దురదా ఉండేది కాదు, మచ్చా ఉండేది కాదు. కానీ నేను చెప్పానని మాత్రం చెప్పకు. పనిచెయ్యకపోతే నా మీదకొస్తుంది," అంది.

సుధ చూసింది. సీమ అవిసాకు పసరు పోసిన మొదటి ప్లేటులోనే బూజు బెదిరిన పిల్లిలా వెనక్కి తగ్గింది. ఇక దాన్నే పట్టుకుంది. ఆగస్టు ముప్పై ఒకటో తారీఖులోగా ఆ ఆకు బూజు మీద పనిచేస్తుందని రోజువారీ కొలతలతో, డైరెక్టరు సంతకంతో ఢిల్లీకి కాగితం వెళ్లాలి. వెళ్తే సుధ ఉద్యోగం ఇంకో రెండేళ్లు. వెళ్లకపోతే ప్రాజెక్టు మూత, సుధ ఇంటికి. ఆ తారీఖు విన్న దగ్గర్నుంచి పేరిందేవి క్యాలెండర్లో ఆగస్టు కాగితం వైపు చూడటమే మానేసింది.

ఈలోగా జూలై వచ్చింది. ముసురు పట్టింది. సంస్థ డైరెక్టరు వాచస్పతిరావు గారికి శుభ్రత పట్టుకుంది.

వాచస్పతిరావు గారు మాట్లాడితే సర్క్యులర్ చదివినట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్లు అడగాలన్నా "తగు చర్య నిమిత్తము" అంటారని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ సంవత్సరం సంస్థలన్నిటికీ "శిలీంధ్ర రహిత ప్రాంగణం" అని ఒక పోటీ పెట్టారు. గెలిచినవాళ్లకి టేకు చెక్క మీద ఎర్ర మఖమలు అతికించిన ఇంత పొడుగు షీల్డు. ఆయన ఆ షీల్డు ఫొటో చూశారు. మర్నాడే నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

"విషయము: ప్రాంగణమునందు శిలీంధ్రముల ఉనికిని సంపూర్ణముగా నిషేధించుట గురించి. పై విషయము దృష్ట్యా ఏ రకమైన బూజు, పుట్టగొడుగు, పులుపు, నాచు మరియు తత్సమానమైన వస్తువులు ప్రధాన ద్వారము దాటి లోనికి రాకూడదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఆ రోజే క్యాంటీన్లో ఇడ్లీ ఆగిపోయింది. పిండి పులుస్తుంది కాబట్టి. మర్నాడు బ్రెడ్డు పోయింది. మూడో రోజు ఆవకాయ జాడీ మీద తెల్లగా ఏదో కనిపించిందని జాడీని గేటు బయటికి పంపేశారు. పదిహేనేళ్లుగా బూజు పట్టిన ఫైళ్లని గుమాస్తాలు చొక్కా చేతుల్తో తుడిచి, ఆ బూజుని తలా కాస్త ఇళ్లకి పట్టుకెళ్లారు.

సుధ సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ చెప్పింది.

"డైరెక్టరు గారి దగ్గరికెళ్లి అడిగానమ్మా. సార్, మన ల్యాబులో పదకొండు రకాల శిలీంధ్రాలున్నాయి, మన పరీక్షలన్నీ వాటి మీదే కదా సార్ అని."

"నువ్వెందుకే అడగటం? పెద్దవాళ్లతో నీకెందుకు?"

"'అమ్మా, మన సంస్థ పరమ లక్ష్యమేమి? శిలీంధ్రములను నిర్మూలించుట. లక్ష్యము నెరవేరుచుండగా నీకు గల అభ్యంతరమేమి?' అన్నారు. మరి పరీక్షల సంగతి సార్ అన్నాను. 'పరీక్షలు యథాతథముగా కొనసాగును. శిలీంధ్రములు మాత్రమే కొనసాగవు' అన్నారు."

పది రకాల బూజుల్ని ఆ రోజే పెద్ద కుక్కర్లో ఉడకబెట్టేశారు. పదకొండోది తామర బూజు. అది ఉత్తరాది నుంచి నంబరుతో, సర్టిఫికెట్టుతో వచ్చింది. దాన్ని చంపాలంటే పైనుంచి అనుమతి రావాలి. అనుమతి వచ్చేదాకా దాన్ని అల్మారాలో పెట్టి లక్క సీలు వేశారు.

పరీక్షలు మాత్రం యథాతథంగానే జరిగాయి. బూజు లేని ప్లేట్లలో నలభై మూడు మొక్కల పసర్లు పోశారు. నలభై మూడూ నూటికి నూరు శాతం పనిచేశాయి. ఒక్క ప్లేటులో కూడా బూజు ఎదగలేదు. కొత్తిమీర పనిచేసింది. గోంగూర పనిచేసింది. పోల్చి చూసుకోవడానికి ఒక ప్లేటులో ఉత్త మంచినీళ్లు పోస్తారు, అవీ పనిచేశాయి.

"సార్, నీళ్లు కూడా పనిచేశాయి," అని సుధ బిక్కమొహం వేసుకుని చెబితే, వాచస్పతిరావు గారు కుర్చీలోంచి లేచి కరచాలనం చేశారట. మర్నాటికల్లా ఔషధ మొక్కల తోటలో తులసికీ నేలవేముకీ మధ్య ఒక కుండీ వెలిసింది. అందులో నీళ్లు. పక్కన బోర్డు: ఔషధ జలము.

ఫలితాలు ఢిల్లీకి వెళ్లాయి. ఢిల్లీ నుంచి రెండు ముక్కల్లో జవాబొచ్చింది. "బూజు లేని చోట బూజు ఎదగదని మాకు తెలుసు. బూజు మీద చేసి పంపండి."

వాచస్పతిరావు గారు మూడు రోజులు గది తలుపేసుకుని ఆలోచించి నాలుగో రోజు తలుపు తీశారు. మొహం వెలిగిపోతోందట.

"హాస్టల్లో చోటు లేనిచో కళాశాలలేమి చేయును? డే స్కాలరుగా చేర్చుకొనును! శిలీంధ్రము ప్రాంగణమునందు నివసించరాదని మాత్రమే నిబంధన. ఉదయము పది గంటలకు వచ్చి, సాయంత్రము అయిదు గంటలకు వెడలిపోయినచో అది నివాసి కాదు, సందర్శకుడు."

"సాయంత్రం అయిదయ్యాక ఎక్కడుంటుంది సార్?" అంది సుధ.

"నీవెక్కడుందువు?"

అలా వచ్చింది పేరిందేవి ఇంటికి బూజు. రావడానికి ముందు దాని దరఖాస్తు వచ్చింది. విద్యార్థుల దరఖాస్తునే కాస్త దిద్దారు. పేరు: శిలీంధ్రము. తండ్రి పేరు దగ్గర సర్టిఫికెట్టు నంబరు. గార్డియను దగ్గర ఖాళీ.

"నువ్వే సంతకం పెట్టాలమ్మా. ల్యాబులో పనిచేసేవాళ్లు పెట్టకూడదట."

"నేనా? రేపది ఎవరికైనా అంటుకుంటే నన్నే కదే స్టేషనుకి తీసుకెళ్లేది! మీ నాన్న చేత పెట్టించు."

నాన్న వీర్రాజు అప్పటికే మంచం వీధరుగు మీదకి మార్చేసుకుని, దుప్పటి ముసుగు పెట్టుకుని ఉన్నాడు. కూతురి మొహం చూసింది పేరిందేవి. గోడ మీద క్యాలెండరు చూసింది. ఏడో తరగతి చదువంతా కూడగట్టుకుని మూడు చోట్ల సంతకం పెట్టింది.

దరఖాస్తు కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. గార్డియను స్వయంగా దింపి, స్వయంగా తీసుకువెళ్లవలెను.

మర్నాడు పది గంటలకి పేరిందేవి క్యారేజీ పట్టుకుని సుధతో పాటు గేటు దగ్గర నిలబడింది. పై గిన్నెలో సుధకి అన్నం, మధ్య గిన్నెలో వంకాయ కూర, అడుగు గిన్నెలో, తడి గుడ్డ చుట్టి, బూజు. గేటు దగ్గర ఏసుపాదం. ఇరవై రెండేళ్లుగా ఆ గేటుకి ఆయనే కాపలా. లోపలికెళ్లిన ప్రతిదీ బయటికి రావాలి, అదే సెక్యూరిటీ అంటే, అంటాడాయన. ఒకసారి డైరెక్టరు గారు గొడుగుతో లోపలికెళ్లి గొడుగు లేకుండా వస్తే, గొడుగు దొరికేదాకా ఆయన్ని బయటికి వదల్లేదు.

"ఏం పేరండీ?" అన్నాడు రిజిస్టరు తీసి.

"పేరిందేవి."

"మీది కాదండీ. లోపలున్నదాని పేరు."

"శిలీంధ్రం," అంది సుధ.

"ఎక్కణ్ణించొచ్చిందండీ?"

"మా ఇంటి నుంచే."

"వచ్చిన పని?"

"పరీక్షకి."

"పాసవుద్దాండీ?"

"పాసవకూడదు ఏసుపాదం గారూ. అది చావాలి."

ఏసుపాదం పెన్ను ఒకసారి విదిల్చి, "వచ్చిన పని: చావడానికి" అని ముత్యాల్లా రాశాడు. తర్వాత జేబులోంచి స్కేలు తీసి, గాజు మూత మీంచే కొలిచాడు.

"తొమ్మిది మిల్లీమీటర్లు లోనికి. సాయంత్రం తొమ్మిదీ బయటికి రావాలండి. ఒక్కటి తగ్గినా లోపల ఎక్కడో ఉండిపోయినట్టేనండి. అప్పుడు మీరు సంజాయిషీ రాయాలండి, గార్డియన్ గారు."

"బాబూ, ఎదిగితేనో?"

"ఎదిగితే మన సొమ్మేం పోద్దండి. తగ్గితేనే తంటా."

పేరిందేవి అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఆకు పనిచేస్తే బూజు తగ్గుతుంది, బూజు తగ్గితే తను సంజాయిషీ రాయాలి. పనిచెయ్యకపోతే కూతురి ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా భయపడడానికి చోటు దండిగా ఉంది.

మొదటి వారం పేరిందేవి బూజుకి భయపడింది. దాన్ని ముట్టుకున్నాక చేతులు కుంకుడు రసంతో కడిగింది, నిమ్మకాయతో కడిగింది, ఆ చేతులు తుడుచుకున్న గుడ్డని ఉడకబెట్టింది. రెండో వారం వచ్చేసరికి బూజు కోసం భయపడటం మొదలుపెట్టింది. ఎందుకంటే అది ఎదగటం లేదు. ఎదిగితే గానీ సుధ దాని మీద పసరు పొయ్యదు. పొద్దున్న ఆటో కుదుపులు, సాయంత్రం ఆటో కుదుపులు, మధ్యలో వాన.

"వచ్చేటప్పుడు పదకొండండి, వెళ్లేటప్పుడూ పదకొండేనండి," అనేవాడు ఏసుపాదం స్కేలు ముడుస్తూ. "ఒళ్లు చెయ్యట్లేదండి."

"చంటిపిల్లలనైనా ఇలా రోజూ తిప్పితే ఒళ్లెక్కడ పడుతుందండీ? కాస్త అటు జరగండి, గాలి తగులుతోంది దానికి."

ఆగస్టు మూడో తారీఖు నాటికి పన్నెండు దాటలేదు. ఆ సాయంత్రం జల్లు కొట్టింది. పేరిందేవి క్యారేజీని కొంగు కింద దాచుకుని తెచ్చింది. ఇంటికొచ్చి గిన్నె విప్పితే ప్లేటు చల్లగా, బూజు వడిలిపోయినట్టుగా కనిపించింది. గేటు దగ్గర ఎంతమంది చూస్తారు రోజూ! గుమాస్తాలు, తోటమాలులు, ఆవకాయ జాడీ పోయిందని మండిపడుతున్న క్యాంటీనువాళ్లు. దిష్టి కాకపోతే ఇంకేమిటి? ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. తర్వాత, పురిటి స్నానం చేయించిన బిడ్డకి పట్టినట్టు, నిప్పుల మీద సాంబ్రాణి, వేపాకు, వెల్లుల్లి పొట్టు వేసి, ప్లేటు మూత కొంచెం ఎత్తి పట్టి, పొగ బాగా లోపలికి పోనిచ్చింది.

"ఇంక వెచ్చగా పడుకుంటుంది," అనుకుంది.

పొద్దున్నకి తెల్లటి దూది లాంటి బూజు చింతపండు రంగుకి తిరిగింది. సుధ దాన్ని కొత్త జెల్లీ మీదకి మార్చి నాలుగు రోజులు చూసింది. ఏమీ ఎదగలేదు.

"అమ్మా," అంది నాలుగో రోజున. "సాంబ్రాణి వేశావా?"

"చలిగా ఉందని..."

సుధ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది పేరిందేవికి. సుధ ఊరికే గడప మీద కూర్చుని క్యారేజీ అడుగు గిన్నె కడగడం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉన్న గిన్నెనే మళ్లీ మళ్లీ కడిగింది.

"ఉత్తరాది నుంచి ఇంకోటి తెప్పిస్తే?"

"అనుమతికే నెలన్నర పడుతుందమ్మా. మనకున్నది ఇరవై నాలుగు రోజులు."

పేరిందేవి ఇన్నేళ్లూ పిడుగు పడుతుందని, వరదొస్తుందని, ఆటో బోల్తా పడుతుందని భయపడింది. చివరికి ఆ చెడు తన చేతిలోని సాంబ్రాణి పొగలోంచి వస్తుందని మాత్రం ఎప్పుడూ భయపడలేదు. అంత భయపడీ అదొక్కటి ఎలా మర్చిపోయిందో ఆవిడకి అర్థం కాలేదు.

డైరెక్టరు గారు మాత్రం ఎంతో సంతోషించారు. "దివంగత శిలీంధ్రము యొక్క గార్డియను, తన వద్ద గల గుర్తింపు పత్రమును ఎనిమిదో తేదీన స్వయముగా తిరిగి అప్పగించవలెను" అని కాగితం పంపారు. ఎనిమిదో తేదీనే షీల్డు తనిఖీ సంఘం కూడా వస్తోంది.

పేరిందేవి పత్రం పట్టుకుని సుధతో పాటు గేటు దగ్గర నిలబడేసరికి ప్రాంగణమంతా సున్నం వాసన. డైరెక్టరు గారు పూలగుత్తితో ఎండలో చెమటలు కక్కుతున్నారు. కారు వచ్చి ఆగింది. అందులోంచి సంఘం అధ్యక్షులు, విశ్రాంత అధికారి త్రిలోచనరావు గారు దిగారు. ఆగస్టు ఉక్కలో కూడా మెడకి శాలువా చుట్టుకుని ఉన్నారు. దిగుతూనే శాలువాలోకి చెయ్యి దూర్చి హాయిగా కళ్లు మూసుకుని గోక్కున్నారు. శాలువా జారింది.

పేరిందేవికి నోరు ఆగలేదు.

"అయ్యో అన్నయ్యగారూ! మెడ మీద అంత తామరా! ఎన్నాళ్ల నుంచండీ?"

"అది శాలువా అంచు డిజైను!" అన్నారు వాచస్పతిరావు గారు గబుక్కున.

ఏసుపాదం అప్పటికే గేటు కడ్డీ దించేశాడు.

"నేనెవరో తెలుసునా?" అన్నారు త్రిలోచనరావు గారు.

"తెలుసండి. తమరు వెళ్లొచ్చండి. అది మాత్రం ఇక్కడాగాలండి."

"అది నా మెడ మీద ఉన్నది!"

"ఆయ్, చూశానండి. ఏం రకమండీ, శిలీంధ్రమేనాండీ?" అని సుధ వైపు తిరిగాడు. సుధ తల ఊపింది. "రూలు రూలేనండి."

"ఈ రూలు ఏ మూర్ఖుడు రాశాడు?"

అందరూ నేల చూపులు చూశారు. వాచస్పతిరావు గారు పూలగుత్తి వెనకనుంచి మెల్లిగా, "పోటీ నియమావళి, నిబంధన ఏడు. తమరు స్వయముగా రచించినదే," అన్నారు.

త్రిలోచనరావు గారి మొహం ఒక్కసారిగా మెత్తబడింది. తను రాసిన రూలుని ఎవరైనా పాటించగా చూడటం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. "బహు చక్కటి నిబంధన," అన్నారు. "సడలింపునకు తావు లేదు. మరి తనిఖీ ఎట్లు?"

వాచస్పతిరావు గారి దగ్గర మార్గం సిద్ధంగానే ఉంది. తనిఖీ మూడు వారాలు. పది నుంచి అయిదు దాకా అధ్యక్షులవారు డే స్కాలరు. రాత్రికి ప్రాంగణంలోని అతిథి గృహం కుదరదు. గార్డియను ఉన్న ఇల్లు కావాలి. గార్డియనుగా నమోదైన మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే. ఆవిడ పత్రం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఏసుపాదం స్కేలు తీశాడు. "ముప్పై నాలుగు మిల్లీమీటర్లు లోనికి. వచ్చిన పనేంటండీ?"

"తనిఖీ," అన్నారు త్రిలోచనరావు గారు.

"తమరిది కాదండీ. దాని పని."

సుధ స్కేలు వైపు చూసింది, రిజిస్టరు వైపు చూసింది. ఆ తర్వాత అమ్మ వైపు చూసింది. పేరిందేవి కూతురి కళ్లల్లో ఆ వెలుగు చూడగానే గుండె మీద చెయ్యేసుకుంది.

"చావడానికని రాసుకోండి ఏసుపాదం గారూ," అంది సుధ.

ఆ సాయంత్రం త్రిలోచనరావు గారు ఆటోలో పేరిందేవి పక్కన కూర్చుని ఇంటికొచ్చారు. వీర్రాజు అరుగు మీద మంచాన్ని ఇంకాస్త వీధిలోకి జరుపుకున్నాడు. సుధ కాగితం ముందు పెట్టి అంతా విడమరచి చెప్పింది: ఇది ఆకు మందు, పరీక్షలో ఉన్నది, ఇష్టమైతేనే రాస్తాం, మంట పుడితే ఆపేస్తాం. ఆయన కాగితం మీద రెండు అక్షర దోషాలు దిద్ది సంతకం పెట్టారు. "అయిదేళ్లుగా గోకుతున్నానమ్మా. తగ్గుతుందా?" అన్నారు. అప్పుడు మాత్రం ఆయన మామూలు మనిషిలా మాట్లాడారు.

పేరిందేవి వెంటనే రాయలేదు. పెద్ద అధికారి మెడ. బొబ్బలెక్కితే? మచ్చ పడితే? సీమ అవిసాకు ముద్ద ముందు తన మోచేతికి రాసుకుని రెండు రోజులు చూసుకుంది. తర్వాత వీర్రాజు నిద్రపోతుండగా ఆయన మోకాలికి రాసి ఇంకో రోజు చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగో రోజు అధ్యక్షుల వారి మెడకి రాసింది.

అక్కణ్ణించి ఇల్లు ఒక పద్ధతిలో పడింది. పొద్దున్న పట్టు, సాయంత్రం పట్టు. ఉప్పు తక్కువ వేస్తే నీరసమొస్తుందేమో, ఎక్కువైతే బీపీ వస్తుందేమో, చేపలో ముల్లు గొంతులో దిగితే ఢిల్లీ దాకా వెళ్తుందేమో. తనే ముళ్లు తీసి పెట్టేది. "తినండి అన్నయ్యగారూ. డే స్కాలర్లు తొందరగా వడిలిపోతారు, నేను చూశాను," అనేది. ఆయనకి మాత్రం సాంబ్రాణి పొగ వెయ్యలేదు. సాంబ్రాణి డబ్బా అటకెక్కించి నిచ్చెన పక్కింటివాళ్లకిచ్చేసింది.

గేటు దగ్గర రోజూ రెండు పూటలా స్కేలు. పన్నెండో తారీఖు ముప్పై ఒకటి. పదహారున ఇరవై రెండు. త్రిలోచనరావు గారు ప్రాంగణంలో భూతద్దంతో గోడలు చూస్తూ, ఫైళ్లు వాసన చూస్తూ తిరిగేవారు. ఇరవయ్యో తారీఖు నాటికి శాలువా తీసేశారు. ఇరవై అయిదున ఏసుపాదం, "ఆరండి. చిక్కిపోయిందండి పాపం," అన్నాడు. ఒక్కో పూట పొద్దున్నకీ సాయంత్రానికీ అర మిల్లీమీటరు తేడా వచ్చేది. ఏసుపాదం అనుమానంగా చూసేవాడు గానీ, స్కేలు పక్కకి జరిగి ఉంటుందిలే అని వదిలేసేవాడు.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున్న మూడు. తనిఖీకి ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి స్కేలు ఎటు తిప్పినా ఏమీ దొరకలేదు.

ఏసుపాదం కడ్డీ దించేశాడు.

"మూడు మిల్లీమీటర్లు తక్కువొచ్చాయండి. లోపలుండిపోయిందండి."

"నాకు రైలుకు వేళయినది!" అన్నారు త్రిలోచనరావు గారు.

"తమర్ని వదిలేస్తానండి. దాన్ని మాత్రం ఎలా వదిలేసుకుంటామండీ, లోపల?"

డైరెక్టరు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. త్రిలోచనరావు గారు షీల్డు కాగితం మీద సంతకం పెట్టబోతూ పెన్ను ఆపారు. "మూడు మిల్లీమీటర్ల శిలీంధ్రము ప్రాంగణమునందు అజ్ఞాతముగా సంచరించుచున్నచో షీల్డు ప్రదానము చేయజాలము."

"లేదు సార్! లేనే లేదు!"

"లేనిచో ఏమయినది?"

అందరూ గార్డియను వైపు చూశారు. ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న సంజాయిషీ ఘడియ వచ్చేసిందని పేరిందేవికి తెలిసిపోయింది. బొడ్లో ఏడో తరగతి సర్టిఫికెట్టు ఉందో లేదో తడుముకుంది.

"చచ్చిపోయిందండి," అంది, చేతులు జోడించి. "నేనే చంపానండి. సీమ అవిసాకు రాసి. మొదటిదాన్ని కూడా నేనే చంపానండి, కానీ అది పొరపాటున. దీన్ని మాత్రం కావాలనే, రెండు పూటలా. పిల్లదాన్ని ఏమీ అనకండి."

సుధ ఫైల్లోంచి కాగితం తీసి డైరెక్టరు గారి ముందు పట్టుకుంది. "సీమ అవిసె ఆకు ముద్ద వలన సదరు శిలీంధ్రము పూర్తిగా నశించినదని ధ్రువీకరించడమైనది. కింద డైరెక్టరు సంతకం. మీరు పెడితే అది లోపల లేనట్టు సార్. పెట్టకపోతే ఉన్నట్టు."

వాచస్పతిరావు గారు తన జన్మలో అంత వేగంగా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఎందుకైనా మంచిదని రెండు చోట్ల పెట్టారు. ఏసుపాదం దాని మీద గేటు ముద్ర గుద్ది, రిజిస్టర్లో "వచ్చిన పని పూర్తయినది" అని రాసి, కడ్డీ ఎత్తాడు. త్రిలోచనరావు గారు షీల్డు కాగితం మీద సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ పేరిందేవి దగ్గర ఆగి, నున్నటి మెడ ఒకసారి తడుముకుని, "సాయంత్రం పట్టు వెయ్యకపోతే రాత్రి నిద్ర పట్టదేమోనమ్మా," అన్నారు. ఆవిడ ఆకు పొట్లం కట్టి ఇచ్చింది.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే ఆ కాగితం, రోజువారీ కొలతలున్న గేటు రిజిస్టరు నకలు ఢిల్లీకి వెళ్లాయి. సెప్టెంబరు రెండో వారంలో జవాబొచ్చింది. ప్రాజెక్టు రెండేళ్లు పొడిగించారు. ఒకే తామరని రోజుకి రెండుసార్లు, ఒక్క పూట తప్పకుండా మూడు వారాలు కొలిచిన పరిశోధన తాము ఇంతవరకు చూడలేదనీ, కొలతలు తీసిన శాస్త్రవేత్త ఏసుపాదం గారికి ప్రత్యేక అభినందనలనీ రాశారు. ఏసుపాదం ఆ ఉత్తరాన్ని రిజిస్టర్లో నమోదు చేసుకుని గానీ లోపలికి వదల్లేదు.

ఆ వారంలోనే షీల్డు కూడా వచ్చింది. దారిలో ఎక్కడో గోదాములో పది రోజులు వానలో నానిందట. బ్యాండు మేళం, పూలదండ, డైరెక్టరు గారు, అందరూ గేటు దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఏసుపాదం అట్టపెట్టె విప్పాడు. ఎర్ర మఖమలు మీద, "శిలీంధ్ర రహిత ప్రాంగణం" అన్న బంగారు అక్షరాల చుట్టూ, దూది పరిచినట్టు తెల్లగా ఉంది.

ఆయన కడ్డీ దించి, జేబులోంచి స్కేలు తీశాడు.

ఇప్పుడు షీల్డు రోజూ పది గంటలకి పేరిందేవి ఒళ్లో కూర్చుని ఆటోలో వస్తుంది. అయిదు దాకా డైరెక్టరు గారి గదిలో ఉండి, మళ్లీ ఆవిడ ఒళ్లోనే ఇంటికెళ్తుంది. చూడదలచినవాళ్లు ఆ వేళల్లోనే చూడాలి.

నిన్న సాయంత్రం ఏసుపాదం కొలత చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"వచ్చేటప్పుడు పన్నెండండి, వెళ్లేటప్పుడు పదమూడండి! ఒళ్లు చేస్తోందండి!"

"ష్!" అంది పేరిందేవి అటూ ఇటూ చూసి, షీల్డు మీద కొంగు కప్పేస్తూ. "గట్టిగా అనకండి బాబూ. దిష్టి తగులుతుంది."